మాస్కు పనిచేస్తుందా? ఆధారాలను తూకం వేసి చూద్దాం



ఈ మధ్య మా ఓ.పి.లో జరిగిన ఒక సంగతితో ఈ నెల పాఠం మొదలుపెడుతున్నాము. కళ్ళె పరీక్షలో టి.బి. ఉన్నట్టు తేలిన ఒక యువకుడు, మందులు మొదలుపెట్టిన వారానికి తిరిగి చూపించుకోవడానికి వచ్చాడు. మొదటి రోజు మేము ఇచ్చిన మాస్కు ముఖాన లేదు. "మాస్కు ఏది బాబూ?" అని మా సిస్టరు అడిగితే జేబులోంచి ఫోను తీసి ఒక మెసేజి చూపించాడు. "మాస్కుల వల్ల ఏ ఉపయోగమూ లేదని పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చేశారంట సిస్టరమ్మా. కరోనా అప్పుడు మనల్ని ఊరికే ఇబ్బంది పెట్టారంట" అన్నాడు. ఆ అబ్బాయి ఇంట్లో భార్య, ముసలి తల్లి, ఎనిమిది నెలల పాప ఉన్నారు. అందరూ పడుకునేది ఒకే గదిలో.

అతనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాము. "నోరు మూసుకుని కట్టుకో" అని గదమాయించి పంపవచ్చు. కాని ఆ మెసేజి పూర్తిగా కల్పించినది కాదు. దాని వెనుక 2023లో వెలువడిన ఒక పెద్ద వైద్య సమీక్ష ఉంది. దానిని రాసినవారు చదువుకున్న పరిశోధకులే. ఆ సమీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది, ఏ ప్రశ్నను ముట్టుకోలేదు అన్నది విడమరచి చెప్పితే తప్ప ఆ యువకుడి సందేహం తీరదు. మీలో చాలామందికి ఇదే సందేహం ఉందని మాకు తెలుసు. అందుకే ఈ పాఠం రాస్తున్నాము. ఓపికగా చదవండి. చదువురాని పెద్దలు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

మా మాట ఎందుకు మారింది?

ముందుగా మా సంగతి చెప్పుకోవాలి. 2020 మార్చిలో "దగ్గు, జ్వరం ఉన్నవారికి, వారిని చూసుకునేవారికి మాత్రమే మాస్కు అవసరం" అని మా ఓ.పి. గోడకు కాగితం అంటించాము. కొద్ది వారాలు గడిచేసరికి అదే గోడ పక్కన నిలబడి, మాస్కు లేనివారిని లోపలికి రానివ్వలేదు. "మీరే వద్దన్నారు, మళ్ళీ మీరే కట్టుకోమంటున్నారు" అని కొందరు పెద్దలు మమ్మల్ని నిలదీశారు. వారి మాటలో న్యాయం ఉంది.

మేమొక్కరమే కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మాట మార్చింది. 2020 ఏప్రిల్ 6న, ఆరోగ్యంగా ఉన్నవారు బయట మాస్కు కట్టుకుంటే వ్యాధి రాకుండా ఉంటుందనడానికి ఆధారం లేదని చెప్పింది. జూన్ 5న, దూరం పాటించడం వీలుకాని చోట్ల అందరూ గుడ్డ మాస్కులు కట్టుకోవాలని చెప్పింది. మన దేశ ప్రభుత్వం ఏప్రిల్ మొదటి వారంలోనే ఇంట్లో కుట్టుకున్న మాస్కులు వాడమంది. తెలంగాణలో ఆ ఏడాది మాస్కు లేకుండా బయటకు వస్తే 1000 రూపాయల జరిమానా కూడా పెట్టారు.

ఈ మార్పుకు ముఖ్యమైన కారణం ఒకటి ఉంది. దగ్గు, జ్వరం ఇంకా కనిపించని మనిషి నుంచి కూడా ఈ వైరస్ ఇతరులకు అంటుతుందని ఆ రోజుల్లోనే తెలిసింది. ఎవరికి ఉందో, ఎవరికి లేదో చూసి చెప్పలేనప్పుడు "ఉన్నవారే కట్టుకోండి" అనే సలహా పనికిరాదు. రెండో కారణం కొరత. మొదట్లో ఆసుపత్రి సిబ్బందికే మాస్కులు దొరకలేదు. జనం అందరూ కొనేస్తే రోగులను చూసేవారికి మిగలవని అందరికీ భయం ఉండేది.

కొత్త సంగతి తెలిసినప్పుడు వైద్యులు సలహా మార్చడం మంచిదే. ఎందుకు మార్చారో జనానికి చెప్పాలి. మేము ఆ పని సరిగా చేయలేదు. ఆ లోటు కొంతైనా తీర్చాలని మా ఉద్దేశం.

ఒకరి అనుభవం ఎంతవరకు ఆధారం?

సంఘంలో సాక్ష్యం చెప్పడం మనకు అలవాటే. చెప్పినవారి జీవితంలో అది నిజం. కాని ఒక మందో, ఒక మాస్కో అందరికీ పనికివస్తుందని చెప్పడానికి ఒకరిద్దరి అనుభవం చాలదు. "నేను రెండేళ్ళు మాస్కు తీయలేదు, నాకు రాలేదు" అనేవారు ఉన్నారు. "నేను ఒక్కరోజు కట్టలేదు, నాకూ రాలేదు" అనేవారూ ఉన్నారు. రెండూ నిజమే కావచ్చు. మరి దేనిని నమ్మాలి?

చరిత్రలో ఒక గట్టి కథ ఉంది. 1910 చివరిలో చైనాకు ఈశాన్యాన ఉన్న మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. కొద్ది నెలల్లో సుమారు 60,000 మంది చనిపోయారు. వూ లియెన్-తే అనే యువ వైద్యుడు హార్బిన్ నగరానికి వెళ్ళి, ఈ ప్లేగు ఎలుకల వల్ల కాదు, మనిషి ఊపిరి ద్వారా మనిషికి అంటుతోందని చెప్పాడు. గాజుగుడ్డ మడతల మధ్య దూది పెట్టి మాస్కులు చేయించాడు. ఆయనకంటే వయసులో పెద్దవాడు, పేరున్నవాడు అయిన మెనీ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ మాట నమ్మలేదు. మాస్కు లేకుండానే రోగులను చూశాడు. కొద్ది రోజులకే, 1911 జనవరిలో, అదే ప్లేగుతో చనిపోయాడు. ఆ తరువాత హార్బిన్‌లో మాస్కును ఎగతాళి చేసేవారు తగ్గిపోయారు.

మనసును కదిలించే కథే. అయినా తూకం వేసి చూస్తే ఇది ఒక్క మనిషి మరణం. పైగా వూ వైద్యుడు మాస్కులతోనే ఊరుకోలేదు. రోగులను వేరుగా ఉంచాడు, ప్రయాణాలు ఆపించాడు, శవాలను దహనం చేయించాడు. వ్యాధి తగ్గడంలో మాస్కు వాటా ఎంత అన్నది ఆ కథ చెప్పలేదు.

ఇటువంటిదే మన కాలపు సంగతి ఇంకొకటి. 2020 మే నెలలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో ఒక సెలూన్‌లో జుట్టు కత్తిరించే ఇద్దరికి కోవిడ్ వచ్చింది. అది తెలియక ముందు లక్షణాలతోనే వారు 139 మందికి పని చేశారు. పనిచేసేటప్పుడు ఇద్దరూ మాస్కు కట్టుకున్నారు. వచ్చినవారూ దాదాపు అందరూ కట్టుకున్నారు. ఆ 139 మందిలో ఒక్కరికీ లక్షణాలు రాలేదు. కాని ఆ ఇద్దరూ గిరాకీ లేనప్పుడు మాస్కు తీసి మాట్లాడుకున్నారు. మొదటి ఆమెకు దగ్గరగా మెలిగిన నలుగురికి కూడా వ్యాధి వచ్చింది.

ఇది మంచి సూచనే. అయితే 139 మందిలో పరీక్ష చేయించుకున్నది 67 మందే. మాస్కు లేని సెలూన్ ఒకటి పక్కన పెట్టి పోల్చి చూసిందీ లేదు. కాబట్టి దీనిని "బలమైన అనుమానం" అనవచ్చు. "రుజువు" అనలేము.

మాస్కు దేనిని ఆపుతుంది?

మనం మాట్లాడినా, పాడినా, దగ్గినా నోటి నుంచి తుంపర్లు వస్తాయి. పెద్దవి కొద్ది దూరంలో కిందపడతాయి. చాలా సన్ననివి, కంటికి కనిపించనివి, గాలిలో తేలుతూ ఉంటాయి. గాలి ఆడని గదిలో అవి గంటల తరబడి ఉండవచ్చు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం 61 మందితో రెండున్నర గంటలు పాటల సాధన చేసింది. వారిలో 53 మందికి వ్యాధి వచ్చింది. ఇద్దరు చనిపోయారు. మూసిన గదిలో గొంతెత్తి పాడటం ఎంత ప్రమాదమో ఆ సంఘటన చూపించింది. మన క్వయర్ సాధన ఎప్పుడూ కిటికీలు తెరిచి చేయమని మేము చెప్పేది ఇందుకే.

మాస్కు ఈ తుంపర్లకు అడ్డు. ఎంత అడ్డు అన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. ఎన్-95 మాస్కు అతి సన్నని రేణువులలో కనీసం నూటికి 95ను ఆపేలా తయారవుతుంది, ముఖానికి అతుక్కుని ఉంటుంది. సర్జికల్ మాస్కు బట్ట మంచిదే, కాని పక్కల నుంచి గాలి పోతుంది. గుడ్డ మాస్కులలో ఒకదానికీ మరొకదానికీ చాలా తేడా ఉంటుంది. హాంకాంగ్‌లో జలుబు చేసిన రోగుల ఊపిరిని పరీక్షించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు మాస్కు లేనివారి ఊపిరిలో కనిపించాయి, సర్జికల్ మాస్కు కట్టుకున్నవారి ఊపిరిలో కనిపించలేదు. ఫ్లూ వైరస్ విషయంలో మాత్రం అదే మాస్కు పెద్ద తుంపర్లను తగ్గించింది గాని, సన్నని వాటిని సరిగా ఆపలేకపోయింది.

గది ప్రయోగంలో పనిచేసినది ఊరిలో కూడా అంతే పనిచేయాలని లేదు. ఈ సంగతి వందేళ్ళ క్రితమే ఒకరు గమనించారు. 1918 ఫ్లూ మహమ్మారిలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం అక్టోబరులో మాస్కు తప్పనిసరి చేసింది. వ్యాధి తగ్గింది. మాస్కే తగ్గించిందని అందరూ అన్నారు. కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్య అధికారి విల్ఫ్రెడ్ కెలాగ్ మాత్రం మాస్కు చట్టం ఉన్న ఊళ్ళను, లేని ఊళ్ళను పక్కపక్కన పెట్టి చూశాడు. రెండు చోట్లా వ్యాధి దాదాపు ఒకేలా పెరిగి, ఒకేలా తగ్గింది. 1920లో ఆయన తన ప్రయోగాలు కూడా ప్రకటించాడు. గాజుగుడ్డ పొరలు తక్కువైతే క్రిములు దూరిపోతాయి. పొరలు ఎక్కువ పెడితే ఊపిరి ఆడక, గాలి మాస్కు అంచుల నుంచి లోపలికి బయటికి పోతుంది. మాస్కు బట్ట ఎంత మంచిదైనా ముఖానికి సరిపడకపోతే లాభం తగ్గిపోతుందని దీని నుంచి నేర్చుకోవాలి.

చీట్లు వేసి పోల్చడం

మాస్కు కట్టుకున్నవారికి వ్యాధి తక్కువ వచ్చిందని లెక్క తేలితే అది మాస్కు ఫలితమేనా? కట్టుకునేవారు మామూలుగానే జాగ్రత్తపరులు. చేతులు కడుక్కుంటారు, జనం ఉన్న చోటికి వెళ్ళరు. ఏ జాగ్రత్త వారిని కాపాడిందో ఎలా చెప్పాలి? అందుకే పరిశోధకులు మనుషులను చీట్లు వేసినట్టుగా రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మాస్కు ఇస్తారు, రెండో గుంపుకు ఇవ్వరు. జాగ్రత్తపరులు, అజాగ్రత్తపరులు రెండు వైపులా సమానంగా పడతారు. తరువాత కనిపించిన తేడా మాస్కుదే అనుకోవచ్చు. వైద్యంలో ఇది చాలా బలమైన ఆధారం. కోవిడ్ కాలంలోనూ, ఆ తరువాతా జరిగిన ఇటువంటి మూడు అధ్యయనాలను మీకు చెబుతాము.

మొదటిది డెన్మార్క్‌లో, 2020 ఏప్రిల్-జూన్ మధ్య జరిగింది. సుమారు 6,000 మందిని రెండుగా విడదీశారు. ఒక గుంపుకు 50 సర్జికల్ మాస్కులు ఇచ్చి, నెల రోజులు బయటకు వెళ్ళినప్పుడు కట్టుకోమన్నారు. మాస్కు గుంపులో 1000కి 18 మందికి, రెండో గుంపులో 1000కి 21 మందికి వ్యాధి సోకింది. ఇంత చిన్న తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. నిజమైన లాభం దాదాపు సగం వరకు ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు అని లెక్క తేలింది. మాస్కు ఇచ్చినవారిలో చెప్పినట్టే కట్టుకున్నామన్నవారు సగం కన్నా తక్కువ. ఇంకొక ముఖ్యమైన సంగతి గమనించండి. కట్టుకున్న మనిషికి రక్షణ ఉందా అన్నదే వారు చూశారు. జబ్బు ఉన్న మనిషి కట్టుకుంటే పక్కవారికి రక్షణ ఉందా అన్నది ఈ అధ్యయనం చూడలేదు.

రెండోది బంగ్లాదేశ్‌లో, 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ వరకు జరిగింది. ఇది చాలా పెద్దది. 600 గ్రామాలు, సుమారు 3 లక్షల 40 వేల మంది పెద్దవాళ్ళు. మన పల్లెల వంటి పల్లెలే. సగం గ్రామాలలో ఉచితంగా మాస్కులు పంచి, ఎందుకు కట్టుకోవాలో చెప్పి, బజారులో, మసీదులో గుర్తు చేశారు. ఇమాములు, ఊరి పెద్దలు కూడా చెప్పారు. సరిగ్గా మాస్కు కట్టుకునేవారు నూటికి 13 నుంచి 42కు పెరిగారు. లక్షణాలు ఉండి, రక్త పరీక్షలో కోవిడ్ నిర్ధారణ అయినవారు మాస్కు పంచని గ్రామాలలో 10,000కి 76, పంచిన గ్రామాలలో 68. అంటే సుమారు పదో వంతు తగ్గింది. సర్జికల్ మాస్కులు పంచిన గ్రామాలలో 60 ఏళ్ళు దాటినవారికి లాభం ఇంకా ఎక్కువగా, మూడో వంతు వరకు కనిపించింది. గుడ్డ మాస్కుల గ్రామాలలో లాభం ఉందని నిశ్చయంగా చెప్పలేకపోయారు.

దీనిలోనూ లోపాలున్నాయి. మాస్కులు పంచిన ఊళ్ళలో జనం ఒకరికొకరు కొంచెం దూరంగా ఉండటం కూడా పెరిగింది. కాబట్టి ఫలితమంతా మాస్కుదే అనలేము. మరోవైపు, నూటికి నూరుగురూ కట్టుకున్న ఊరు ఒక్కటీ లేదు. సగం మందికి పైగా కట్టుకోని ఊళ్ళలో వచ్చిన ఫలితం అది.

మూడోది నార్వేలో, 2023 వసంతకాలంలో జరిగింది. 4,647 మంది పెద్దవాళ్ళను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును 14 రోజులు జనం ఉన్న చోట్ల సర్జికల్ మాస్కు కట్టుకోమన్నారు. జలుబు, దగ్గు వంటి లక్షణాలు వచ్చాయని చెప్పినవారు మాస్కు గుంపులో నూటికి సుమారు 9 మంది, రెండో గుంపులో నూటికి సుమారు 12 మంది. అయితే ఇది వారంతట వారు చెప్పిన లెక్క, ల్యాబు పరీక్షతో తేల్చినది కాదు.

మూడింటినీ ఒక తక్కెడలో వేస్తే ఏమి తేలుతుంది? మాస్కు కోట గోడ కాదు. సన్నగా చినుకులు పడేటప్పుడు తలమీద వేసుకున్న తువ్వాలు వంటిది. కొంత ఆపుతుంది. కుండపోత వానలో అదొక్కటే చాలదు.

2023 సమీక్ష చెప్పింది ఏమిటి?

ఇప్పుడు ఆ యువకుడి ఫోనులోని మెసేజికి వద్దాం. కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూకం వేస్తుంది. వైద్యులు దాని మాటకు చాలా విలువ ఇస్తారు. 2023 జనవరిలో అది చేతులు కడుక్కోవడం, మాస్కులు మొదలైన వాటిపై 78 అధ్యయనాల సమీక్ష ప్రచురించింది. జనం మధ్య మాస్కులు కట్టుకోవడం వల్ల ఫ్లూ, కోవిడ్ వంటి జబ్బులలో బహుశా తేడా స్వల్పమే లేదా ఉండదని అందులో రాశారు. ఈ వాక్యం పత్రికలలోకి, ఫోన్లలోకి వచ్చేసరికి "మాస్కులు దండగ" అయిపోయింది.

2023 మార్చిలో కొక్రేన్ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ ఒక ప్రకటన చేశారు. మాస్కులు పనిచేయవని ఈ సమీక్ష తేల్చిందనడం సరికాదని, అది తప్పుదోవ పట్టించే మాట అని ఆమె చెప్పారు. జనాన్ని మాస్కు కట్టుకోమని ప్రోత్సహిస్తే వ్యాధి తగ్గుతుందా అన్నదే సమీక్ష చూసిన ప్రశ్న అని, దానికి కూడా స్పష్టమైన జవాబు దొరకలేదని వివరించారు.

ఈ తేడా మన ఇంటి ఉదాహరణతో తెలుస్తుంది. వందమందికి బి.పి. మాత్రలు పంచి, వారిలో అరవై మంది వేసుకోకపోతే, వందమంది సగటు బి.పి. పెద్దగా తగ్గదు. దాని నుంచి "మాత్రలు పంచే మా పద్ధతి సరిగా సాగలేదు" అని తెలుస్తుంది. "ఈ మాత్ర పనిచేయదు" అని తెలియదు. పైగా ఆ సమీక్షలో సాధారణ జనం మాస్కుల గురించి చూసిన అధ్యయనాలలో కోవిడ్ కాలంవి రెండే. అవి మనం పైన చెప్పుకున్న డెన్మార్క్, బంగ్లాదేశ్ అధ్యయనాలు. మిగిలినవి ఎక్కువగా ఫ్లూ, జలుబుల గురించినవి.

రెండో వైపు వారికి కూడా ఒక మాట చెప్పాలి. "మాస్కు కట్టుకుంటే కోవిడ్ రానే రాదు" అని అప్పట్లో మాలో కొందరం కూడా అన్నాము. దానికీ ఆధారం లేదు. ఎక్కువ చేసి చెప్పిన మాట అబద్ధమని తేలినప్పుడు జనం నిజమైన భాగాన్ని కూడా వదిలేస్తారు. ఆ యువకుడి విషయంలో జరిగింది అదే.

క్రిమి ఎక్కడుందో తెలిసినప్పుడు

ఇప్పటిదాకా చెప్పిన అధ్యయనాలు ఎవరికి జబ్బు ఉందో తెలియని జనం గురించినవి. మా ఓ.పి.లో ఆ యువకుడి సంగతి వేరు. క్రిమి ఎవరి ఊపిరిలో ఉందో పరీక్షలో తేలింది. ఇటువంటి రోగి మాస్కు కట్టుకుంటే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో చాలా తెలివైన ప్రయోగం చేసి, 2012లో ప్రకటించారు.

మామూలు మందులకు లొంగని టి.బి. ఉన్న 17 మంది రోగుల వార్డు అది. ఆ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందులు అనే చిన్న జంతువులున్న రెండు గదులలోకి పంపారు. ఒక్కో గదిలో 90 జంతువులు. రోగులు సర్జికల్ మాస్కు కట్టుకున్న రోజు గాలి ఒక గదికి, కట్టుకోని రోజు గాలి రెండో గదికి పోయేలా చేశారు. కొన్ని నెలల తరువాత పరీక్షిస్తే, మాస్కు లేని రోజుల గాలి పీల్చిన 90లో 69 జంతువులకు టి.బి. క్రిమి సోకింది. మాస్కు ఉన్న రోజుల గాలి పీల్చిన 90లో 36కే సోకింది.

69కి, 36కి తేడా చిన్నది కాదు. అలాగని 36 సున్నా కూడా కాదు. రోగి కట్టుకునే మాస్కు పక్కవారికి ప్రమాదాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. మిగిలిన సగానికి తెరిచిన కిటికీ, వేరే పడక, అన్నిటికంటే ముఖ్యంగా క్రమం తప్పని మందులు కావాలి.

మా సలహా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఇప్పుడు అందరూ ఎప్పుడూ మాస్కు కట్టుకోవాలని మేము చెప్పడం లేదు. పైన చూసిన ఆధారాలను బట్టి మేము చెప్పేది ఇది.

1. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవారు ఇంట్లో ముసలివారి, పసిపిల్లల దగ్గరకు వెళ్ళేటప్పుడు, ఆసుపత్రికి వచ్చేటప్పుడు సర్జికల్ మాస్కు కట్టుకోండి. వీలైతే ఆ వారం ఆరాధనకు రాకుండా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి.

2. డయాలిసిస్, క్యాన్సరు వైద్యం పొందుతున్నవారు, బాగా వయసు మళ్ళినవారు కిక్కిరిసిన బస్సులో, ఓ.పి. వరుసలో మాస్కు కట్టుకోవడం మంచిది. ఊపిరాడే వీలుంటే ఎన్-95 ఇంకా మంచిది.

3. ముక్కు మీద తీగను నొక్కి, గడ్డం కిందకు లాగి కట్టుకోండి. గడ్డానికి వేలాడే మాస్కు ఎవరినీ కాపాడదు. తడిసిన మాస్కు మార్చండి. సర్జికల్ మాస్కును ఉతికి రోజుల తరబడి వాడవద్దు.

4. జబ్బు ఉన్నవారు గాలి వదిలే మూత ఉన్న మాస్కు వాడవద్దు. వారి ఊపిరి ఆ మూత నుంచి నేరుగా బయటకు వస్తుంది.

5. రెండేళ్ళ లోపు పిల్లలకు, తమంతట తాము మాస్కు తీయలేని రోగులకు కట్టవద్దు. పెదవుల కదలిక చూసి మాట గ్రహించే చెవిటివారితో మాట్లాడేటప్పుడు కొంచెం దూరంగా జరిగి, మాస్కు దించి మాట్లాడండి.

6. కిటికీలు తెరవండి. ఖర్చు లేని మందు అది.

7. కట్టుకున్నవారిని చూసి నవ్వవద్దు, కట్టుకోనివారిని వేలెత్తి చూపవద్దు. వారి ఇంట్లో ఎవరున్నారో మనకు తెలియదు.

ఆ యువకుడికి చెప్పినది

ఆ రోజు మా సిస్టరు అతనిని పక్కన కూర్చోబెట్టుకుని గినీ పందుల ప్రయోగం చెప్పింది. "ఆ మెసేజి ఎవరికి జబ్బుందో తెలియని జనం గురించి బాబూ. నీ కళ్ళెలో క్రిమి ఉందని మనకు తెలుసు కదా. నువ్వు కట్టుకునేది నీ కోసం కాదు, పాప కోసం" అంది. అతను కొంతసేపు మాట్లాడలేదు. తరువాత "ఎన్నాళ్ళు కట్టుకోవాలి సిస్టరమ్మా?" అని అడిగాడు. మందులు సరిగా వేసుకుంటే అంటించే గుణం త్వరగా తగ్గిపోతుందని, ఎప్పుడు మానవచ్చో డాక్టరుగారు చూసి చెబుతారని, అంతవరకు వరండాలో వేరుగా పడుకోమని చెప్పాము. ఇంట్లోవారందరినీ పరీక్షకు తీసుకురమ్మన్నాము.

మరుసటి వారం మాస్కు కట్టుకుని, తల్లిని, భార్యను, పాపను వెంటబెట్టుకుని వచ్చాడు. పరీక్షలో వారెవరికీ టి.బి. లేదు. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇచ్చే నివారణ మందు పాపకు మొదలుపెట్టాము. అంతా మాస్కు వల్లేనని మేము అనము. ఒక్క ఇంటి అనుభవం రుజువు కాదని ఈ పాఠంలోనే చెప్పాము కదా.

ఇంట్లో, సమాజ కూటంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. "నాకు రాలేదు" అనే మాట అందరికీ ఆధారం ఎందుకు కాదు? మీ ఊరిలో విన్న ఒక ఉదాహరణ చెప్పండి.

2. డెన్మార్క్ అధ్యయనం దేనిని చూసింది? దేనిని చూడలేదు?

3. బంగ్లాదేశ్ గ్రామాలలో జనం మాట వినడానికి ఎవరెవరు సాయపడ్డారు? మన ఊరిలో అయితే ఎవరు చెబితే వింటారు?

4. మీ ఫోనుకు ఆరోగ్యం గురించి ఒక మెసేజి వస్తే ఇతరులకు పంపే ముందు ఏ రెండు ప్రశ్నలు వేసుకోవాలి?